జేడ్ మొక్కకు మూడు పూటలా నీళ్లు

జానెడు మొక్క వల్ల నా పెళ్లి చెడిపోబోయింది. ఆ మొక్క ఎండిపోయి కాదు, నీళ్లెక్కువై. చినుకు కోసం ఆకాశం వైపు చూసి చూసి మెడలు పట్టేసే అనంతపురం వైపు పుట్టి, నీళ్లు పోసి పోసి ఒక మొక్క ప్రాణం తీసిన ఘనుణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. నవ్వండి, ఫరవాలేదు. మా ఇంట్లో ఇన్నేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు.

మాది ధర్మవరం. ఇంట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద నాయన, ఇంకోదాని మీద నేను పట్టుచీరలు నేస్తాం. గుత్తిలో ఒక బడిలో టీచరుగా ఉన్న శైలజతో నాకు సంబంధం కుదిరింది. తాంబూలాలు మార్చుకున్న రోజు, పెద్దవాళ్లంతా ముహూర్తాల మీద వాదించుకుంటుంటే, ఆమె నా చేతిలో ఒక మట్టికుండీ పెట్టింది. అందులో బొద్దు ఆకుల జేడ్ మొక్క.

"నేను పెంచిన మొక్క. కిటికీ కాడ ఎండ తగిలేట్టు పెట్టండి. పది దినాలకు అర గలాసు నీళ్లు పోస్తే చాలు" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "పిల్లోడు నిన్ను బాగా సూసుకుంటాడా అని మా యమ్మ అడుగుతాండాది. నెల పొయినాక పెండ్లి చీర సూసేకి వస్తాం కదా, అప్పుడు మొక్కను సూసి చెప్తా అన్నా."

ఆమె నవ్వుతూనే అంది. నేను మాత్రం కుండీని పదిలంగా పొదివి పట్టుకున్నాను. అప్పటికే ఆ పిల్ల అంటే నాకు అంత ఇష్టం పుట్టింది మరి.

ఇక్కడ మీకు మా వైపు మర్యాద ఒకటి చెప్పాలి. విస్తరి ముందు కూర్చున్న మనిషి "చాలు" అన్నాడంటే ఇంకో గరిటె వడ్డించాలి. చెయ్యి అడ్డం పెడితే చేతి మీదైనా వడ్డించాలి. చాలు అనగానే ఆపేసిన ఇంటికి మళ్లీ ఎవరూ భోజనానికి పోరు. కాబట్టి శైలజ అన్న "చాలు" కూడా మొహమాటపు చాలే అని నేను తీర్మానించుకున్నాను. కొత్త చుట్టం తరఫున వచ్చిన మొక్కకు అర గ్లాసుతో సరిపెడితే మా పరువేం కాను?

దానికి తోడు నాకు తెలిసిన విద్య ఒక్కటే, నేత. ఎండాకాలం గాలి పొడిబారితే పట్టుపోగులు పుటుక్కున తెగుతాయి. అందుకని కాళ్లు దించుకుని కూర్చునే మగ్గం గుంత చుట్టూ నేలను తడుపుతాం. పట్టుకు మంచిదైతే మొక్కకు చెడ్డ ఎలా అవుతుంది? కుండీని కిటికీ దగ్గరి నుంచి తీసి, మగ్గం పక్కన చల్లటి చీకట్లో పెట్టుకున్నాను. పొద్దున ఒక చెంబు, మధ్యాహ్నం ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు. నాలుగు రోజులకొకసారి కుళాయి వచ్చే వీధిలో, నా స్నానం నీళ్లు తగ్గించుకుని మరీ పోశాను.

వారం తిరిగేసరికి ఆకులు ఇంకా లావయ్యాయి. మొక్క ఒళ్లు చేసిందని మురిసిపోయాను. రెండో వారం తాకితే చాలు, ఆకులు రాలిపోసాగాయి. నాయనను అడిగితే మగ్గం మీది నుంచి తల తిప్పకుండానే తేల్చేశాడు.

"దప్పికయిందిరా దానికి. ఇంకో చెంబు పొయ్యి."

పోశాను. మూడో వారానికి కాండం నల్లబడి మెత్తబడింది. రాలిన ఆకులను అమ్మ ఊడ్చి ఎటో తీసుకుపోయింది. అవి యాడికి పోయాయని అడిగే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

శైలజ వాళ్లు వచ్చే ఆదివారం రానే వచ్చింది. కుండీలో నల్లటి పుల్ల, దానికి నాలుగు ఆకులు. ఆ పొద్దున నాకు దివ్యమైన ఆలోచన తట్టింది. తెగిన పట్టుపోగును ముడి కనపడకుండా అతికే చేతులు కదా ఇవి, రాలిన ఆకులను అతకలేవా? అప్పుడే రాలిన ఏడెనిమిది ఆకులు ఏరుకుని, ఆకుపచ్చ పట్టుపోగుతో ఒక్కొక్కటీ కొమ్మకు కట్టాను. దూరం నుంచి చూస్తే మొక్కే. నా పనితనానికి నేనే ముచ్చటపడ్డాను.

ఇంట్లోకి వచ్చిన శైలజ పెళ్లి చీర వైపు చూడనైనా లేదు. నేరుగా కుండీ దగ్గరికి వచ్చి ఒక ఆకును వేలితో తాకింది. అది జారి, పోగుకు వేలాడుతూ తలకిందులుగా ఊగింది. ఇంకోటి తాకింది. అదీ ఊగింది. వెనకే నిలబడిన వాళ్లమ్మ ఊగే ఆకుల వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది.

ఇక దాచి లాభం లేదు. "మూడు పూటలా నీళ్లు పోసినా. నువ్వు చాలు అంటే మొగమాటానికి అన్నావనుకుంటి" అన్నాను.

"మొక్కకు మొగమాటమేమప్పా?" అంది వాళ్లమ్మ.

నా పెళ్లి అయిపోయిందనే అనుకున్నాను, అంటే జరక్కుండానే. అంతలో అమ్మ వంటింటి కిటికీ గట్టు మీది నుంచి పగిలిన మూకుడొకటి తెచ్చింది. కాబోయే కోడలు ఇచ్చిన మొక్క ఆకులు కసువులో పారేసేకి మనసు రాక అందులో వేసి మరిచిపోయిందట. నీళ్లు లేవు, మట్టి కూడా సరిగా లేదు. వాడిపోయిన ఆ ఆకుల కొసల్లో సన్నటి గులాబీరంగు వేర్లు, ఒక్కోదానికి ఆవగింజంత కొత్త చిగురు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మొక్క మీద పడకుండా పక్కకు తిరిగాను.

శైలజ మూకుడును రెండు చేతులా అందుకుని ఒక చిగురును వేలికొసతో తాకింది. తర్వాత వాళ్లమ్మ వైపు తిరిగింది.

"నచ్చినాడమ్మా. కుళాయి సరిగా రాని ఊర్లో మొక్కకు మూడు పూటలా పోసినాడు. ఈయన కాడ నేను దప్పికతో మాత్రం సావను."

ఆ మూకుడు పిల్లలే ఇప్పుడు మా కిటికీల నిండా పెరిగాయి. ఆనాడే నేను పట్టుపోగు చేతిలో పట్టుకుని ప్రమాణం చేశాను: ఇకమీదట ఎవరు చాలు అన్నా చాలనే నమ్ముతాను, చెంబుతో ఆ కిటికీల దరిదాపులకు పోను. ప్రమాణం తప్పలేదు. కాకపోతే శైలజ కూడా అదే ప్రమాణం పట్టుకుంది. సంగటి వడ్డించేటప్పుడు నేను అలవాటుగా "చాలు" అంటానో లేదో, గిన్నె ఎత్తుకుని లోపలికి వెళ్లిపోతుంది. మీకు చెప్పకేం, చాలా రోజులు అరకడుపుతోనే మగ్గం ఎక్కుతున్నాను.