ఎస్తేరక్క మొండితనం

కాలిన వైరు వాసన కొందరికి తలనొప్పి తెస్తుంది. నాకు మాత్రం ఎస్తేరక్కను తెస్తుంది. నిన్న మధ్యాహ్నం ఒక ఆటో సీటు ఎత్తగానే ఆ వాసన గుప్పుమంది. పని ఆపి కాసేపు అలాగే నిలబడిపోయాను. ఆమె ఉండి ఉంటే, ఊరికే నిలబడినందుకు తిట్టేది.

లక్సెట్టిపేటలో ఆమెది బండ్ల వైరింగ్ షెడ్డు. తండ్రి క్రైస్తవ మిషన్ వాళ్ల జీపు నడిపేవాడు, ఆయన దగ్గరే పని నేర్చుకుంది. భర్తకు పొలం, చర్చిలో డోలక్ ఉంటే చాలు, షెడ్డు సంగతి పట్టేది కాదు. ఆమె గొంతు బస్టాండుదాకా వినబడేది. ఆదివారం పాటలకైనా అది తగ్గేది కాదు. నేను మగ్గాల ఇంటి పిల్లను. నూలు కండెలు చుట్టి చుట్టి విసిగిపోయి, ఐటీఐలో కరెంటు పని చదివి ఆమె దగ్గర చేరాను. మా బాపు సగం మనసుతోనే పంపాడు. "వరికోతలు అయిపోయేలోపు ఎవలన్న తమ బండి నీ చేతుల పెడితే ఉండు బిడ్డా. లేకుంటె ఇంటికొచ్చి కండెలు చుట్టు" అన్నాడు. కోతలు మొదలయ్యాయి. వచ్చిన ప్రతివాడూ నా తల మీదుగా చూసి "అక్క లేదా" అనేవాడు. బాపు మాటే నెగ్గేలా ఉందని నాకు భయం పట్టుకుంది.

అప్పుడు వచ్చింది రాజలింగు ట్రాలీ. ఆయనకు వరికోత మిషన్ ఉంది. దాని వెంట ఊరూరా తిరిగే డ్రైవర్లు పడుకోవడానికి ట్రాలీ మీద రేకుల గది కట్టించాడు. లోపల మంచాలు, లైట్లు, ఫ్యాను, ఫోన్ చార్జింగు, అన్నీ ఒకే బ్యాటరీ మీద నడవాలి. దసరాకు ట్రాలీ అంతా రంగు వేయించి, కొబ్బరికాయ కొట్టి, బొట్లు పెట్టాడు. పండగ దాటి కోతకు బయలుదేరగానే లైట్లు గుడ్డిగా వెలిగాయి, ఫ్యాను తిరగనంది.

"వనజ చూస్తది" అంది అక్క నన్ను చూపించి.

రాజలింగు నవ్వాడు. "పూజ చేసిన బండి అక్కా. ఆడపిల్లతోని ఎందుకు? జర నువ్వే చూడు."

"మరి నేను ఆడదాన్ని గానా?"

"నీ లెక్క వేరు."

"నా లెక్క వేరేం లేదు. గీ పిల్ల చూస్తేనే చూసుడు. లేకుంటె తీస్కపో."

తీసుకుపోయాడు. చేతిలో ఇంకో పని లేని రోజులవి. నాకు ఏడుపొచ్చింది. "నా కోసం ఎందుకు పోగొట్టుకున్నవక్కా" అన్నాను. "నీ కోసం కాదు. నా షెడ్డుల ఎవలు పని చెయ్యాల్నో వాడు చెప్తడా?" అని కసిరింది. ఆమె ఓదార్పు అలాగే ఉండేది.

ఇంకో షెడ్డులో కొత్త బ్యాటరీ వేశారు, బల్బులన్నీ మార్చారు. రోగం అలాగే ఉంది. ఉక్కలో, దోమల్లో పడుకోలేమని డ్రైవర్లు మొండికేశారు. రాజలింగు మొహం ముడుచుకుని తిరిగొచ్చాడు. అక్క స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చుని "పో వనజా" అంది. రెండు వైర్ల టెస్ట్ బల్బు పట్టుకుని ట్రాలీ ఎక్కాను. ఫ్యానుదాకా కరెంటు వస్తూనే ఉంది, మరి తిరగదేం? రాజలింగు బయట గొణుగుతున్నాడు. సాయం కోసం అక్కవైపు చూస్తే, ఆమె రోడ్డువైపు చూసింది. నాకు ఒళ్లు మండింది. ఆ మంటే పనికొచ్చింది. టెస్ట్ బల్బు ఒక కొస ఫ్యానుకొచ్చే వైరుకు ఉంచి, రెండో కొస నేరుగా బ్యాటరీ మైనస్‌కు పెట్టాను, భగ్గున వెలిగింది. ట్రాలీ ఇనుముకు పెట్టాను, గుడ్డిగా వెలిగింది. కరెంటు ఆ ఇనుము గుండానే బ్యాటరీకి తిరిగి పోవాలి. దారి అక్కడే ఎక్కడో మూసుకుపోయిందన్నమాట. ట్రాలీ కింద దూరాను. మైనస్ వైరును ఇనుముకు బిగించే బోల్టు కనబడింది. రంగు వేసినవాడు దాన్ని విప్పి, కిందంతా దట్టంగా పూసి, మళ్లీ బిగించాడు. దాని మీద పసుపు బొట్టు కూడా ఉంది.

"గీడ రంగు గీకాలె" అన్నాను.

"పూజ చేసిన రంగది. గీకకు" అన్నాడు రాజలింగు.

ఈసారి నేను అక్కవైపు చూడలేదు. "బండి నీదే అన్నా. పని నాది" అని బొట్టుతో సహా గీకేశాను. ఇనుము తెల్లగా తేలాక బోల్టు బిగించాను. ఫ్యాను గిర్రున తిరిగింది. రాజలింగు పోయి అక్కకు దండం పెట్టాడు.

"నేను స్టూలు దిగలే. ఆమెకు చెప్పు" అంది అక్క. ఆయన వినిపించుకోకుండా ట్రాలీ లాగే ట్రాక్టరు ఎక్కబోయాడు. అక్క లేచి ట్రాక్టరుకు అడ్డంగా నిలబడింది. రోడ్డు మీద జనం పోగయ్యారు. చివరికి రాజలింగు నావైపు తిరిగి "మంచిగ చేసినవ్ బిడ్డా" అన్నాడు. ఆ సాయంత్రం బాపుకు ఫోన్ చేసి, ఇక ఇంటికి రానని చెప్పాను. "సరే, ఉండు" అన్నాడు.

ఎస్తేరక్క పోయి చాన్నాళ్లయింది. షెడ్డు ఇప్పుడు నేను నడుపుతున్నాను. పోయినవాళ్లను తలుచుకుంటే వాళ్లు నేర్పిన ఓర్పు గురించి చెప్పాలంటారు. ఆమె నాకు ఓర్పు నేర్పలేదు, సర్దుకుపొమ్మని ఒక్కనాడూ అనలేదు. అందుకే ఆమెను నేను ఇంత ప్రేమిస్తాను. ఇప్పటికీ కొత్తవాళ్లు వచ్చి "మెకానిక్ లేడా" అని అడుగుతారు. "నేనే, చెప్పు" అంటాను. నమ్మనివాడు బండి తిప్పుకుని పోతాడు. నష్టమే, కాదనను. పేరుకైనా ఒక మగమనిషిని ముందు కూర్చోబెట్టుకోమని చుట్టాలు చెబుతుంటారు. ఎన్ని బండ్లు పోయినా సరే, ఆ పని మాత్రం నేను చెయ్యను.