చెరువులో గడ్డ, గడ్డ మీద దోన

పెండ్లిచూపులకు పోయినవాడు ఉప్మా తినాలి, తల వంచుకోవాలి, అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పాలి. మొదటి రెండూ నేను బ్రహ్మాండంగా చేశాను. ఉప్మా అయితే మూడు పళ్లేలు, ఒక్కో పళ్లెం బండిచక్రమంత.

పిల్ల తండ్రిది మానుకోటలో కిరాణం దుకాణం. ఆయనకు ఈ లోకంలో నమ్మదగ్గది త్రాసు ఒక్కటే. అల్లం తూచేముందు మట్టిని పండ్లపుల్లతో గోకి తీసేవాడట. అట్లాంటి మనిషి నన్ను ఎగాదిగా చూసి, "మీ నర్మెట్ట దిక్కు ఏమున్నదయ్యా, రాళ్లు తప్ప?" అన్నాడు.

నాకు రోషం పొడుచుకొచ్చింది. "మా చెరువున్నది మామా," అన్నాను. సంబంధం కుదరకముందే మామా అనడం కూడా నా తొందరే.

"చెరువు ఏడ లేదు?"

"చెరువు నడుమ గడ్డ ఉన్నది. గడ్డ నెత్తిన రాతిల దోన ఉన్నది, నిండ నీళ్లు. ఆ నీళ్ల నడుమ ఒక బండ."

ఇంతవరకు నిజం. అరవై తొమ్మిదిలో ఉద్యమం వచ్చి బడులు మూతపడ్డ ఏడాది, నడుముకు బెండు కట్టుకుని ఈదుకుంటూ పోయి నేనే కనిపెట్టాను. నాకంటే ముందు మూడు వందల మేకలు కనిపెట్టి ఉంటాయి కానీ అవి ఎవరికీ చెప్పలేదు. నీళ్లలో నేల, ఆ నేల మీద మళ్లీ నీళ్లు, ఆ నీళ్లలో మళ్లీ నేల. ఆ బండ మీద కూచుంటే నేను ఎక్కడున్నట్టో నాకే తెలిసేది కాదు.

అక్కడ ఆగితే సరిపోయేది. తలుపు వెనక గాజులు గలగలమన్నాయి, ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకేముంది, నాలుక జారింది. "ఆ బండ మీద ఒక గుంట, గుంటల నీళ్లు, ఆ నీళ్లల్ల ఒక రాయి, రాయి మీద ఒక కప్ప."

"కప్ప గూడనా?"

"కప్ప గూడ."

ఆయన కాసేపు నన్ను మనసులోనే తూచాడు. "సూడు పిలగా. నీ పంతులు నౌకరీ భూపాలపల్లి అవతల అడవిల. బడి ఉన్నదంటవు, ఇల్లున్నదంటవు. నీ మాట మీదనే గదా నా బిడ్డను పంపాలె? నీ మాట ఎంత తూగుతదో జర సూస్త. వైశాఖంల వచ్చి చెరువు సూస్త. ఉంటే పిల్లనిస్త."

ఇంటికొచ్చి చెబితే మా బాపు తల పట్టుకున్నాడు. "వైశాఖంల చెరువేందిరా?"

నిజమే. మా దిక్కు పెండ్లిళ్లకు ఎండాకాలం పని, చెరువులకు ఎండాకాలం సెలవు. ఈ రెండూ ఒకేసారి వస్తాయన్న సంగతి నాకు ఆ ఉప్మా ముందు తట్టలేదు.

ఆయన పాసింజరు బండిలో జనగామ దిగి, బస్సులో నర్మెట్ట వచ్చి, రెండు కోసులు నడిచి మా చెరువు కట్టెక్కాడు. ఆ ఎండకు కోడిగుడ్డు కోడిలో ఉండగానే ఉడుకుతుంది. ఎదురుగా నెర్రెలిచ్చిన నేల, అందులో పది మేకలు.

"చెరువేది?"

"ఇదే మామా. నీళ్లొస్తే చెరువు."

"నీళ్లొస్తే మా దుకాణం గూడ చెరువే."

గడ్డ దాకా దుమ్ములో నడిపించాను. చెప్పులు చేతపట్టుకుని ఆయన పైకెక్కాడు. అక్కడ దోన ఉంది. ఊరంతా ఎండినా అది ఎండదు. నడుము లోతు పచ్చటి నీళ్లు, నడుమ బండ. ఆయన ముఖం కడుక్కున్నాడు, వేళ్లు మడిచాడు. "దోన, ఒకటి. బండ, రెండు. ఇగ గుంట సూపెట్టు."

దోనలో దిగి బండెక్కాను. పెనం కూడా అంత చదునుగా ఉండదు. అంగవస్త్రం నెత్తిన వేసుకుని ఆయన గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. రెండు నెలల పరిచయంలో, నా లెక్క ప్రకారం రెండు యుగాల్లో, మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"గుంట లేదు మామా. రాయి, కప్ప గూడ లేవు. నేనే కలిపిన."

"ఎందుకు కలిపినవ్?"

"లోపల ఎవరో నవ్విండ్రు. ఇంకింత నవ్వుతరేమోనని."

ఆయన మళ్లీ చెప్పులు చేతపట్టుకున్నాడు. "గడ్డ సుట్టు నీళ్లు సూడలే ఇంక. వానలు పడ్డంక వస్త," అని వెళ్లిపోయాడు. ఆ ఏడు పెండ్లిళ్ల రోజులన్నీ ఊరందరి బ్యాండు మేళాలతో నా ముందునుంచే పోయాయి.

శ్రావణంలో చెరువు నిండి మత్తడి దుంకింది. మూడో రోజుకు ఆయన గొడుగేసుకుని దిగాడు. కట్ట మీద నిలబడి చూస్తే సముద్రం సిగ్గుపడేంత నీళ్లు, నడుమ నల్లగా గడ్డ. నేను ఛాతీ విరిచాను.

"గడ్డ ఉన్నది," ఒప్పుకున్నాడు. "దోనేది?"

"గడ్డ మీదనే. మీరే ముఖం కడుక్కున్నరు గదా?"

"కడుక్కున్ననాడు చెరువు లేదు. ఇయ్యాల చెరువున్నది, దోన కనవడ్తలేదు. రెండు ఒక్కపారి సూడాలె గదా?"

చెరువు ఎండితే దోన దాకా నడవొచ్చు, అప్పుడు చెరువుండదు. నిండితే చెరువుంటుంది, దోన దాకా పోలేం. ఊళ్లో పడవ లేదు. ఆయనేమో బకెట్టు కంటే లోతైన నీళ్లలో దిగిన మనిషి కాడు. అంటే మా ఊరి వింతను ఈదరాని మనిషి ఎప్పటికీ పూర్తిగా చూడలేడు. వాన తుంపర పడుతోంది. ఆయన పది నిమిషాలు నిలబడ్డాడు. నాకు ఒక పంచవర్ష ప్రణాళిక గడిచింది.

"ఇగ సగం నీ మాట మీదనే నమ్మాలె," అన్నాడు చివరికి.

"అవును మామా."

"బండ మీద గుంట?"

"లేదు."

"కప్ప?"

"అసలే లేదు."

ఆయన గొడుగు ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. "లేనిది లేదన్నవు గాబట్టి ఉన్నది గూడ ఉన్నదే అనుకుంట. పోయి ముహూర్తం అడగాలె. జనగామ బస్సెంతసేపట్ల ఉన్నది?"

ఇదిగో ఇప్పుడే అని నోటిదాకా వచ్చింది.

"గంటన్నర మామా," అన్నాను.

ఇద్దరం కట్ట దిగి, వానలో, గంటన్నరకు వచ్చే బస్సు కోసం నడిచాం.