బాపుకు తెలిసిన ప్యాకేజీ

సర్కారు నౌకరి వస్తే ఎవరైనా ఎగిరి గంతేస్తారు. నేను మాత్రం తల పట్టుకుని కూర్చున్నాను.

అప్పటికి శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు పక్కన ఒక కార్గో గోదాములో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. పోటీ పరీక్ష రాస్తే రాజేంద్రనగర్‌లోని ఒక సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్ పోస్టు వచ్చింది. సోమవారంలోగా చేరకపోతే అది పోతుంది. చిక్కేమిటంటే, గోదాములో చేతికొచ్చే జీతం కంటే అక్కడ మొదటి జీతం తక్కువ. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. మోకాళ్ల నొప్పులతో మా బాపు పని మానేసి రెండేళ్లయింది.

శుక్రవారం రాజీనామా మాట ఎత్తగానే మా మేనేజర్ ఏసీ గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఆరేళ్లలో ఆయన నాకు టీ ఇప్పించడం అదే మొదలు! "మీలాంటివాళ్లు వెళ్లిపోతే ఎలాగండీ? కొత్త ప్యాకేజీ ఇస్తాం. ఆ గుమాస్తా ఉద్యోగంలో ఏముంది చెప్పండి?" అంటూ కాగితాలు చేతిలో పెట్టాడు. అందులో ఉన్న అంకె చూసి నాకు కళ్లు తిరిగాయి.

ఉరుకుల మీద ఇంటికి పోయి చెప్పాను. "బాపూ, కంపెనోళ్లు నాకు పెద్ద ప్యాకేజీ ఇస్తున్నరు!"

బాపు ముఖం వాడిపోయింది. "అయ్యో బిడ్డా! ఎప్పటిలోపట ఖాళీ చేయమన్నరు?"

ముందు అర్థం కాలేదు. తర్వాత పడీ పడీ నవ్వాను. మా దిక్కు ఊళ్లలో ప్యాకేజీ అంటే ఒకటే అర్థం: భూమి పోతే ఇచ్చే పరిహారం. మా రెండెకరాలు రోడ్డు కింద పోయినప్పుడు బాపు తీసుకున్నది అదే.

"గట్ల కాదు బాపూ, జీతం పెంచుతున్నరు."

"పెంచుతె పెంచినమనాలె గని, ప్యాకేజీ అనుడేంది? జర మంచిగ సదువు. మేం సదవకనే ఏలిముద్ర ఏసినం."

ఆ మాటతో నా నవ్వు ఆగింది. కాగితాలు మొదటినుంచీ చదివాను. ఆ పెద్ద అంకెలో కంపెనీ బస్సు ఖర్చు, క్యాంటీన్ భోజనం, ఇన్సూరెన్సు, లాభాలొస్తే ఇచ్చే బోనసు అన్నీ కలిపేశారు! చేతికి పెరిగేది రెండు వేలు. చివరి పేజీలో సన్న అక్షరాలతో ఇంకో మాట: నెల రోజుల నోటీసుతో ఎప్పుడైనా తీసేయవచ్చు. అంతకు ముందు ఏడాది మా షిఫ్టులో పదకొండు మందిని ఫోన్లో మెసేజ్ పెట్టి మాన్పించారు. నాకు ఒళ్లు మండిపోయింది. బాపు తప్పుగా అర్థం చేసుకున్నా అసలు సంగతి పట్టుకున్నాడు.

శనివారం పొద్దున్నే కాగితాలు మేనేజర్ బల్ల మీద పెట్టేశాను.

"ఆలోచించుకోండి మేడం, జీతం తగ్గిపోతుంది."

"తగ్గనీ సార్. మెసేజ్ పెట్టి ఎళ్లగొట్టేటోడు ఆడ లేడు."

సోమవారం ఆఫీసులో పెద్ద క్లర్కు నా పేరుతో కొత్త సర్వీసు పుస్తకం తెరిచింది. పుట్టిన తేదీ అడిగి, వేళ్ల మీద లెక్కేసి, ఒక గడిలో ఏదో తేదీ రాసింది.

"ఇదేంది అక్కా?"

"నువ్వు రిటైరయ్యే రోజు."

ముప్పై ఏళ్ల అవతలి తేదీ! వచ్చే నెల ఉంటానో ఊడతానో తెలియకుండా ఆరేళ్లు బతికినదాన్ని. ఆమె ముందే కళ్లనీళ్లు పెట్టుకున్నాను, సిగ్గేమీ పడలేదు. వరండాలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేశాను.

"బాపూ, చేరిన! ముప్పై ఏండ్ల దాంక నన్ను ఎవ్వడూ కదపలేడు!"

అవతల బాపు గొంతు సవరించుకున్నాడు.

"ఇగ నేను గూడ అప్పటిదాంక ఉండాలె బిడ్డా. నువ్వు నౌకరి దిగే రోజు దండ నేనే ఏస్త."