అమిగ్డలోడాన్ తల

మా అక్క మొగుడు గోపాలపట్నంలో ఒక బళ్లో సైన్సు మాస్టారు. నేను ఒక ఫ్యాబ్రికేషన్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. తొంభైల చివర్లో ఆదివారమొస్తే బావ మా ఇంటికొచ్చి, చేపల కూర తిని, నా డ్రాయింగ్ బల్ల పక్కన కూర్చుని, పిల్లల కోసం చార్టులు గీయించుకునేవాడు.

ఆ ఏడు సైన్సు ఎగ్జిబిషన్‌కి, లైబ్రరీ పుస్తకంలోంచి ఎవరికీ తెలియని రాక్షసబల్లిని పట్టుకొచ్చాడు. అమిగ్డలోడాన్. అర్జెంటీనాలో దొరికినవల్లా కొన్ని వెన్నుపూసలు, పక్కటెముకలు, ఒక కాలి ఎముక, బాదంపప్పుల్లాంటి పళ్లు.

"తల దొరకనేదట బావా. దొరికినవి ఇంకుతో గియ్యి. మిగతాది పెన్సిల్‌తో సుక్కలెట్టి వదిలీ," అన్నాడు. నన్నూ బావా అనే పిలిచేవాడు.

"తల నేకపోతే పిల్లలు ఏటి సూత్తారు?"

"నీకూ నాకూ ఉన్నాయి కదా తలలు, ఏటి ఉద్ధరించీసినాం?" అని నవ్వాడు. నవ్వాక మళ్లీ చెప్పాడు. "ఆ ఖాళీయే పిల్లలకి సూపించాల."

చేతిలో కొలత లేకుండా ఇంకు పెడితే ఆఫీసులో మా చీఫ్ షీటు చింపేవాడు. అది తెలిసీ తలంతా ఇంకుతో గీశాను. కళ్లు, ముక్కు రంధ్రాలు, మెడ మీద ముడతలు. చూసినవాళ్లు మెచ్చుకోవాలని. మార్చే వీల్లేకుండా ఎగ్జిబిషన్ రోజు పొద్దున్నే తీసుకెళ్లి ఇచ్చాను. బావ ఆ తలని చూసి, గడియారం చూసి, గోడకి తగిలించాడు.

మధ్యాహ్నం జడ్జిగా వచ్చిన లెక్చరర్ అడిగాడు. "దీని తల ఎక్కడ దొరికిందండీ?"

పిల్లలంతా మాస్టారి వైపు చూశారు.

"దొరకలేదండీ. పొరపాటు నాదే," అన్నాడు బావ.

"ఉన్నదీ ఊహించిందీ కలిపేసి చెప్తే ఎలా మాస్టారూ?"

రెండడుగుల దూరంలో ఇస్త్రీ చొక్కాలో నిలబడి, బొమ్మ బలే ఉందని ఎవరో అంటుంటే వింటున్నాను. ఆ మెప్పు పోతుందని నోరు విప్పలేదు.

ఆ తర్వాతా బావ వచ్చాడు, తిన్నాడు, అక్కని ఆటపట్టించాడు. చార్టు మాత్రం మళ్లీ అడగలేదు. ఆదివారాలు బల్ల మీద తెల్ల షీటు పరిచి ఉంచేవాణ్ని. దాని మీదే పేపరు పెట్టుకుని చదివేవాడు.

రెండువేలు దాటాక బావకి ఎలమంచిలి బదిలీ అయింది. చెప్పాల్సిన మాట రైల్లో కూడదీసుకుంటూ వెళ్లాను. వరండాలో నేల మీద కూర్చుని, తనే కప్ప బొమ్మ గీస్తున్నాడు. ఒక కాలు పొడుగు, ఒకటి పొట్టి. పక్కన కూర్చున్నాను. చెప్పబోయాను. ఇంతలో పెన్సిల్ మొన విరిగింది. బ్లేడుతో సన్నగా చెక్కి ఇచ్చాను, నన్నే గియ్యమంటాడేమోనని.

"బాగా సెక్కినావు బావా," అని అందుకుని, పొట్టి కాలు చెరిపి మళ్లీ మొదలుపెట్టాడు.