బట్టీ రోజుల జ్వరం

బాగేపల్లి బస్‌స్టాండు ఎదుట మందుల అంగడి నడిపే సులోచనమ్మకు ఊళ్లో సగంమంది ఒంటి సంగతి తెలుసు. ఎవరికి చక్కెర జబ్బో, ఎవరి బిడ్డకు ఏ మందు పడదో ఆవిడకు చీటీ చూడకుండానే గుర్తుంటుంది. పుట్టింది చింతామణిలో. బెంగళూరులో ఫార్మసీ చదువుకుని, ముప్పై ఏళ్ల కిందట బాగేపల్లి శెట్ల ఇంటికి కోడలిగా వచ్చింది. భర్త అశ్వత్థప్ప శెనక్కాయల వ్యాపారం చూసుకుంటాడు. మందుల అంగడి మాత్రం మొదటినుంచీ ఆవిడదే.

పోయిన ఏడాది వేసవిలో ఒక మంగళవారం సాయంత్రం లోకేశ్ వచ్చి జ్వరం మాత్రలు అడిగాడు. వారంలో అది మూడోసారి. లోకేశ్ ఊరి బయట పూత షెడ్డులో పని చేస్తాడు. ఒకప్పుడు అది శెనక్కాయల మిల్లు. ఇప్పుడు అక్కడికి బేకరీల నుంచి రొట్టె ట్రేలు, కేకుల అచ్చులు వస్తాయి. అంటుకోకుండా ఉండే నల్లటి పూత వాటిమీద అరిగిపోయి ఉంటుంది. పాత పూత తీసేసి, పొడి రూపంలో వచ్చే పాలిమర్‌ని చల్లి, బట్టీలో కాల్చి కొత్త పూత వేస్తారు. పదకొండు మంది పనివాళ్లు.

"మల్లా జ్వరమా అప్పా?" అంది సులోచనమ్మ.

"ఔనమ్మా. సాయంత్రమైతే సాలు, చలి పట్టుకుంటాది. ఎద బిగిసినట్లుంటాది. తెల్లారి లేస్తే ఏమీ ఉండదు."

"రక్తం చూపించినావా?"

"చూపించినా. మలేరియా లేదన్నారు, డెంగీ లేదన్నారు. వైరల్ అంట."

లోకేశ్ వెళ్లిన పది నిమిషాలకు ప్రతిమ వచ్చింది. అదే షెడ్డులో ట్రేలు కడిగి ఆరబెట్టే పని ఆమెది. శాలువా కప్పుకుని వణుకుతూ ఉంది. ఆమె చెప్పిన మాటలూ అవే: చలి, ఎద బిగువు, తెల్లారేసరికి మాయం. ఆమెకు మాత్రలిచ్చి పంపాక సులోచనమ్మ లెక్క వేసుకుంది. వైరల్ జ్వరమైతే ఇంట్లో వాళ్లకు అంటాలి. లోకేశ్ భార్య నిక్షేపంగా ఉంది. ప్రతిమ అత్త పొద్దునే వచ్చి బీపీ మాత్రలు తీసుకుపోయింది, ఆమెకూ ఏమీ లేదు.

ఆ రోజునుంచి ఆవిడ గోడమీది క్యాలెండర్‌లో గుర్తులు పెట్టడం మొదలుపెట్టింది. షెడ్డు మనిషి ఎవరు జ్వరమని వచ్చినా, ఆ తేదీ గడిలో వాళ్ల పేరులోని మొదటి అక్షరం. నెల తిరిగేసరికి ఒక సంగతి తేలింది. మంగళవారం, శుక్రవారం గడుల్లో అక్షరాలు కిక్కిరిసి ఉన్నాయి. మిగతా రోజుల్లో నలుగురివే ఉన్నాయి. ప్రతిమది ఒక్కసారీ లేదు. ఆ నలుగురిలో ఒకడైన లోకేశ్‌ది మాత్రం ఏ రోజైనా ఉంది.

"మంగళారం, శుక్రారం ఏం చేస్తారు మీరు?" అని అడిగింది ప్రతిమను.

"పాత పూత తీసే రోజులు కదమ్మా. బట్టీని బాగా కాక పెట్టేది ఆ రెండు రోజులే పొద్దన్నుంచి. ఆ వేడికి పూత మెత్తబడితే గీకేస్తాము."

సులోచనమ్మకు అంతకుమించి ఆలోచించే ఓపిక లేకపోయింది. మరునాడే షెడ్డుకు పోయి, యజమాని గంగాధరప్ప ముందు నిలబడింది. ఆయన వాళ్లకు దూరపు చుట్టం, వయసులో పెద్ద.

"అన్నా, మీ పూత విషం. మీ మనుషులంతా నా అంగట్లో జ్వరం మాత్రలు మింగుతాండారు."

గంగాధరప్పకు కోపం వచ్చింది గానీ గొంతు పెంచలేదు. టీకి తెప్పించిన బన్ను ఒకటి పొట్లంలోంచి తీశాడు. "ఈ బన్ను కాల్చింది మేము పూత వేసిన ట్రేలోనే. గౌరిబిదనూరు నుంచి కోలారు దంకా ఇట్లాంటి ట్రేల్లోనే రొట్టె కాలుస్తాండారు. ఎవురికొచ్చింది జ్వరం?" అని సగం తుంచి ఆమె ఎదుటే తిన్నాడు. మిగిలిన సగం ఆమె చేతికిచ్చాడు.

సులోచనమ్మకు ఆయన చెప్పిందాంట్లో తప్పు కనబడలేదు. ఆ బన్ను తిని, తలవంచుకుని ఇంటికి వచ్చింది. "పెద్దమనిషిని అంత మాట అంటివి కదే" అన్నాడు అశ్వత్థప్ప. ఆ వారమంతా ఆవిడకు అన్నం సయించలేదు. తాను తప్పు చెప్పానని తెలుస్తోంది. ఎక్కడ తప్పిందో తెలియడం లేదు.

తరువాతి శుక్రవారం షెడ్డు వెనక గోడకానుకుని ఉన్న నరసింహయ్య ఇంట్లో అరవై కౌజుపిట్టలు చచ్చిపోయాయి. నరసింహయ్య వాటిని సాకి హోటళ్లకు వేసేవాడు. మధ్యాహ్నం గాలి ఇటు తిరిగిందట. గంటసేపట్లో గూడు గూడంతా నేలమీద పడిపోయింది. కోళ్లకొచ్చే కొక్కెర తెగులని అందరూ అనుకున్నారు. పశువుల డాక్టరు కోసి చూసి, తెగులైతే ఒకదాని తరువాత ఒకటి పోతాయిగానీ ఇలా ఒక్కసారి పోవని చెప్పాడు. ఊపిరితిత్తులు ఎర్రగా ఉబ్బి ఉన్నాయన్నాడు. ఆ మాట విన్న సులోచనమ్మ క్యాలెండర్ చుట్టి చంకన పెట్టుకుని, మరునాడు పొద్దున చిక్కబళ్లాపురం బస్సెక్కింది.

అక్కడ కార్ఖానె పనివాళ్లకు వచ్చే జబ్బులు చూసే డాక్టర్ చైత్ర ఉంది. వయసు చిన్నదే. సులోచనమ్మ చెప్పిందంతా అడ్డు రాకుండా విని, క్యాలెండర్ బల్లమీద పరిచి, పెన్సిల్‌తో ఆ నలుగురి అక్షరాలకు సున్నాలు చుట్టింది.

"ఈ నలుగురూ బీడీ తాగుతారా అమ్మా?"

లోకేశ్ చొక్కా జేబులో బీడీ కట్ట ఎప్పుడూ కనబడుతుంది. మిగతా ముగ్గురూ అంతే. "తాగుతారమ్మా. నలుగురూ తాగుతారు."

"పిట్టలు చచ్చిపోయింది బట్టీ రోజేనా?"

"ఔను, శుక్రారం."

డాక్టర్ చైత్ర పెన్సిల్ కింద పెట్టింది. "మీరు సగం కనుక్కొనే వచ్చినారు. పాలిమర్ పొగ జ్వరం అంటారు దీన్ని. ఆ పూత ట్రేమీద గట్టిగా ఉన్నంతవరకు ఏమీ చేయదు. రొట్టె కాలే వేడి దానికొక లెక్కే కాదు. నాలుగు వందల డిగ్రీలు దాటితే మాత్రం విరిగి పొగవుతాది. ఆ పొగ మనిషికి జ్వరం తెప్పిస్తాది, పిట్టలను చంపేస్తాది. పిట్టల ఊపిరి మనకన్నా సున్నితం. ఇంక బీడీ కొన అంతకన్నా వేడి. చేతికంటిన పొడి బీడీకంటితే, ఆ నలుగురూ రోజూ చిన్న బట్టీని నోట్లో పెట్టుకున్నట్లే."

"అయితే గంగాధరన్న చెప్పిందే నిజమా? ట్రే మంచిదేనా?"

"పదార్థం మంచిదా చెడ్డదా అని అడగద్దమ్మా. ఎంత వేడిలో, ఎవరి ఊపిరిలోకి, ఎన్నిసార్లు పోతాండాదో అడగండి. అప్పుడు ఏం మార్చాలో తెలుస్తాది." ఇంకో మాట కూడా చెప్పింది. పొడి డబ్బాతో పాటు భద్రతా పత్రమొకటి వస్తుందనీ, దాన్ని వెతకమనీ.

ప్రతిమ షెడ్డులో వెతికితే అది డబ్బా మూత లోపలే దొరికింది, ఆమే తెచ్చిచ్చింది. ప్లాస్టిక్ సంచిలో అతికించి ఉంది, ఎవరూ విప్పలేదు. పద్నాలుగు పేజీల ఇంగ్లీషు. సులోచనమ్మ రెండు రోజులు అంగట్లో కూర్చుని, మందుల డిక్షనరీ పక్కన పెట్టుకుని, కావలసినంత తెలుగులో రాసింది. పని చేసే చోట పొగాకు ఉండకూడదనీ, వేడి మితి దాటకూడదనీ, గాలి బయటికి లాగే ఏర్పాటు ఉండాలనీ అందులో స్పష్టంగా ఉంది.

ఈసారి షెడ్డుకు పోయినప్పుడు మొట్టమొదట చెప్పింది ఒకటే మాట. "అన్నా, ఆ పొద్దు నేను చెప్పింది తప్పు. మీ ట్రేలో ఏ దోషమూ లేదు." పదకొండు మంది పనివాళ్లూ టీ గ్లాసులు పట్టుకుని వింటున్నారు. గంగాధరప్ప కుర్చీ చూపించాడు. ఆవిడ కూర్చోకుండానే పత్రం చదివి వినిపించింది. బీడీ మాట వచ్చినప్పుడు లోకేశ్ జేబులోకి చేయి పోయింది.

"రెండు వారాలు చూద్దాము. బీడీ కట్టలు గేటు బయట పెట్టండి. తాగాలంటే చేతులు, మొగము సబ్బుతో కడిగి బయటికి పోండి. ఇంకేమీ మార్చద్దండి" అంది సులోచనమ్మ.

గంగాధరప్ప ఒప్పుకున్నాడు. దానికి ఆయన పోగొట్టుకునేదేమీ లేదు. మొదటి వారం బుధవారం గడి ఖాళీగా ఉంది. గురువారం ఖాళీ. రెండో వారం కూడా బట్టీ రోజులు తప్ప ఒక్క గడిలోనూ అక్షరం పడలేదు. ఆ శనివారం సాయంత్రం లోకేశ్ అంగడి ముందు సైకిల్ ఆపి, ఏమీ కొనకుండా, "ఊరికే వచ్చినానమ్మా. ఒళ్లు బాగుండాది. చెప్పి పోదామని" అన్నాడు. సులోచనమ్మకు ఆ మాట వినగానే కళ్లు తడిశాయి.

సోమవారం గంగాధరప్పే అంగడికి వచ్చాడు. "బీడీ సంగతిలో నువ్వే గెల్చినావు సులోచనమ్మా. బట్టీ సంగతి చెప్పు. మా మీటరు మూడు వందల ఎనబై దాటదే. డాక్టరమ్మ చెప్పిన లెక్క ప్రకారం పొగ రాకూడదు కదా?"

"కార్ఖానె ఇలాఖె, అదే ఫ్యాక్టరీల శాఖ వాళ్లను మనమే పిలుద్దామన్నా. వాళ్ల దగ్గర కొలిచే సాధనాలు ఉంటాయి."

ఆయన మొహం వాడిపోయింది. ఇలాఖె వాళ్లంటే షెడ్డుకు సీలు వేస్తారని ఆయన భయం. ఆ మాట షెడ్డులో పొక్కి, పనివాళ్లలో కూడా సగంమంది వద్దన్నారు. అప్పుడు మాట్లాడింది ప్రతిమ. ఆమె అంతకుముందు యజమాని ఎదుట నోరెత్తింది లేదు.

"షెడ్డు మూస్తారని మనం ఊపిరి మూసుకోవాల్నా అన్నా? బీడీ తాగేటోళ్లు మానుకున్నారు, బాగుపడినారు. నేనేం మానుకోవాల? గాలి పీల్చేది మానుకునేదా?"

గంగాధరప్ప ఆ రోజే అర్జీ రాసి సంతకం పెట్టాడు.

అధికారులు శుక్రవారమే వచ్చారు. ముఖాలకు మాస్కులు కట్టుకుని, బట్టీ లోపలికి పొడవాటి కడ్డీ ఒకటి దూర్చి వేడి కొలిచారు. బట్టీ మీటరు మూడు వందల ఎనభై చూపిస్తోంది. వాళ్ల చేతిలోని పెట్టె నాలుగు వందల తొంభై రెండు చూపించింది. మీటరు ముల్లు ఎప్పుడో చెడిపోయి, ఎంత వేడి పెరిగినా అక్కడికి మించి పైకి పోవడం లేదు. పూత మెత్తబడుతోందని అనుకుంటూ ఇన్నాళ్లూ దాన్ని కాలుస్తూ వచ్చారన్నమాట. గంగాధరప్ప ఆ రెండు అంకెలనూ మార్చి మార్చి చూశాడు. తరువాత తానే పోయి బట్టీ స్విచ్చి ఆపాడు.

షెడ్డుకు సీలు పడలేదు. ఇంత గడువులో ఇవి మార్చాలని రాసిచ్చారు. పాత పూతను కాల్చడం మానేసి, అద్దాల పెట్టెలో పెట్టి ఇసుకలాంటి గరుకుపొడితో చెక్కే యంత్రం వచ్చింది. రేగే ధూళిని ఆ యంత్రమే లోపలికి లాగేసుకుంటుంది. కొత్త పూత కాల్చే బట్టీకి కొత్త మీటరు, గాలి లాగే ఫ్యాను, పొగను వడకట్టే పెట్టె అమర్చారు. షెడ్డు వెనక గుంతలో ఇన్నాళ్లూ పోసిన కాలిన పూత బూడిద సంగతి సులోచనమ్మే గుర్తుచేసింది. ఆ మన్నునూ, పక్కనున్న నరసింహయ్య బోరు నీళ్లనూ పరీక్షకు పంపారు. నీళ్లలో ఏమీ కనబడలేదు. మన్నులో కనబడింది. అదృష్టం, అది ఇంకా లోపలికి దిగలేదు. ఆ మన్నంతా తవ్వి, ప్రమాదకర వ్యర్థాలు చేర్చే చోటికి లారీలో పంపించారు. ఆరు నెలలకొకసారి బోరు నీళ్లు చూడాలని అధికారులు తమ వరదిలో, అంటే నివేదికలో, రాశారు. ఆ వరది నకలు షెడ్డు గేటుమీద అందరికీ కనబడేలా గంగాధరప్పే అంటించాడు.

పూత మళ్లీ మొదలైన మొదటి శుక్రవారం సాయంత్రం సులోచనమ్మ ఏ పనీ చేయలేకపోయింది. ఐదు అయింది. ఆరు అయింది. షెడ్డు మనుషులు ఒక్కొక్కరే అంగడి ముందునుంచి ఇళ్లకు పోతున్నారు. ఎవరి ఒంటిమీదా శాలువా లేదు. చివరికి ప్రతిమ వచ్చి మెట్టెక్కింది. సులోచనమ్మ గల్లా వెనకనుంచి లేచింది.

"జ్వరమా?"

"కాదమ్మా. మా అత్త బీపీ మాత్రలు ఇయ్యండి."

ఇద్దరూ ఒక్కసారి పకపకా నవ్వారు. పక్కనున్న తన శెనక్కాయల అంగడి నుంచి అశ్వత్థప్ప ఏమైందో అని పరుగున వచ్చాడు.

ఈ సంగతి చింతామణి దాకా పాకింది. అక్కడ రూపేష్ అనే కుర్ర యజమాని ఇలాంటి షెడ్డే నడుపుతున్నాడు. వచ్చి చూడమని ఆయనే ఫోన్ చేశాడు. సులోచనమ్మ ఒక్కతే పోలేదు. ప్రతిమను కూడా పిలుచుకుపోయింది. పత్రం ఇప్పుడు ప్రతిమకే కంఠతా వచ్చు. బాగేపల్లి షెడ్డులో జాగ్రత్తలు చూసే పని కూడా గంగాధరప్ప ఆమెకే అప్పజెప్పాడు.

"మా దాంట్లో ఆ భయం లేదమ్మా. పాత పూత తీసేకి మేము బట్టీ వాడము. గ్యాస్ మంటతో కాల్చి గీకేస్తాము, అంతే" అన్నాడు రూపేష్.

సులోచనమ్మ ఏదో చెప్పబోయి ఆగి, ప్రతిమ వైపు చూసింది. ప్రతిమ ముందుకు వచ్చింది. తొమ్మిది మంది పనివాళ్లు గోడవారగా నిలబడి ఉన్నారు.

"నేను అడిగేది ఒకటే. సాయంత్రం చలిజ్వరమొచ్చి, తెల్లారేకి పోయేది మీలో ఎవురికన్నా ఉండాదా? ఉంటే చెయ్యెత్తండి."

మొదట కిటికీ దగ్గరి ఆడమనిషి చెయ్యెత్తింది. ఆమెను చూసి ఇద్దరు ఎత్తారు. చూస్తుండగా ఆరు చేతులు లేచాయి. అందరికన్నా చివర, తలవంచుకుని, రూపేష్ కూడా చెయ్యెత్తాడు.

"నాకు దుమ్ము పడదేమో అనుకుంటా ఉన్నానక్కా" అన్నాడు ప్రతిమతో.

"మేమూ వైరల్ అనుకున్నాము లేప్పా. మీ గ్యాస్ మంట మా బట్టీకన్నా వేడి. ఇప్పుడు మా షెడ్డులో ఎవురికీ లేదు."

రూపేష్ మూలనున్న గ్యాస్ సిలిండర్ దగ్గరికి నడిచి, వంగి, వాల్వు బిగించాడు. భగభగా మండుతున్న మంట ఠక్కున ఆరిపోయింది. గోడవారనున్న తొమ్మిది మందీ చప్పట్లు కొట్టారు. వాళ్లందరికన్నా గట్టిగా సులోచనమ్మ కొట్టింది.