దోహాకు చేరిన ఒరిజినల్స్

ఆగస్టులో దోహా వెళ్తున్నానంటే అమీర్‌పేటలో మా కోచింగ్ సెంటర్ వాళ్ళంతా అక్కడి ఎండలు తలుచుకుని నన్ను జాలిగా చూశారు. నేను అక్కడ జపనీస్ నేర్పుతాను. అడపాదడపా దుబాసీగా కూడా వెళ్తుంటాను. ఖతార్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు ఇంకా మూడేళ్ళు ఉన్న ఆ వేసవిలో, జపాన్‌లోని ఒక చిన్న ఊరి సంస్థకు గ్రాంటు వచ్చింది. పిల్లల్ని విదేశాల్లో చదివించడం గురించి అక్కడి కుటుంబాలు ఆలోచించేలా ప్రోత్సహించడం ఆ డబ్బు ఉద్దేశం. చదివించడం కాదు, ఆలోచింపజేయడం. ఈ తేడా మీరు బాగా గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

ఆ డబ్బుతో మూడు కుటుంబాలను దోహా తీసుకువచ్చి, అక్కడి అమెరికన్ యూనివర్సిటీల శాఖలు చూపించి, తిరిగి పంపించాలి. జపాన్ బళ్ళకు సెలవులు ఆగస్టులో, కాబట్టి ప్రయాణమూ ఆగస్టులోనే. ఆ నెలలో దోహా యూనివర్సిటీలకు కూడా సెలవులేనన్న సంగతి ఎవరికీ తట్టినట్టు లేదు. దోహాలో జపనీస్ దుబాసీ అంటే ఖరీదు, హైదరాబాద్ నుంచి తెప్పించుకుంటే చవక. అందుకని నన్ను పిలిచారు.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి శంషాబాద్‌లో విమానం ఎక్కాను. మస్కట్‌లో రెండున్నర గంటలు ఆగాలి. గ్రాంటు నియమం ప్రకారం మూడు చోట్ల ధరలు అడిగి తక్కువదే కొనాలట, అందుకే నాకు నేరుగా వెళ్ళే విమానం దక్కలేదు. పక్క సీటులో సిరిసిల్ల మనిషి, సెలవు అయిపోయి డ్యూటీకి తిరిగి వెళ్తున్నాడు. నా పని ఏమిటో అడిగి తెలుసుకుని చాలాసేపు నవ్వాడు.

"మేం పైసలు కట్టి పోతున్నం. వాళ్ళకు పైసలిచ్చి తోలుకొస్తున్నరా? మంచిగుంది మేడం."

నాకూ నవ్వొచ్చింది. అప్పటికి అది నవ్వుకునే విషయమే.

మధ్యాహ్నం రెండున్నరకు దోహాలో దిగాను. మనవాళ్ళకు ముందుగా వీసా అక్కర్లేదు, తిరుగు టికెట్టు, హోటల్ బుకింగ్ చూపిస్తే ముద్ర కొట్టి పంపేస్తారు. ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి, ఫోన్‌లో చూపిస్తామంటే కౌంటర్ దగ్గర తడుముకోవాల్సి వస్తుంది. బయట నా పేరు రాసిన అట్టముక్క పట్టుకుని గంగాధర్ నిలబడి ఉన్నాడు. ఆ ఆరు రోజులూ మా మినీ బస్సు నడిపింది అతనే. జగిత్యాల దగ్గర ఒక పల్లె. పన్నెండేళ్ళుగా ఖతార్‌లో ఉన్నాడు, మామూలు రోజుల్లో క్యాంప్ నుంచి సైటుకు కూలీలను తోలుతాడు. నేను తెలుగులో పలకరించగానే అతని ముఖం వెలిగిపోయింది.

కుటుంబాలకు వెస్ట్ బేలో సముద్రం కనిపించే హోటల్ తీసుకున్నారు. దుబాసీకి గ్రాంటులో రాసుకున్న అద్దెకు నజ్మా అనే పాత పేటలో ఒక గది వచ్చింది, రోజుకు నూట ఇరవై రియాళ్ళు. కింద మనీ ఎక్స్ఛేంజి, పక్కన పది రియాళ్ళకు భోజనం పెట్టే మెస్సు. సాంబారు తీపిగా ఉంటుంది, పెరుగు మాత్రం బాగుంటుంది. గదికి తీసుకువెళ్తూ గంగాధర్ అడిగాడు.

"గీ జపానోళ్ళు ఎందుకొస్తున్నరు మేడం? కప్పు సూడనీకె ఇంక మూడేండ్లున్నది గద."

చెప్పాను. పిల్లల్ని బయటి దేశాల్లో చదివించడానికి అక్కడ ఒక సంస్థ డబ్బు ఇస్తోందని చెప్పాను. ఎండకు తల దిమ్మెక్కి ఉంది, రెండు ముక్కల్లో ముగించేశాను. అతను సిగ్నల్ దగ్గర బండి ఆపి నావైపు తిరిగాడు.

"మా బిడ్డ మౌనిక ఇంటర్ అయిపోయింది మేడం. తొమ్మిది వందల అరవై మార్కులు. మనోళ్ళ పిల్లలకు గూడ ఇస్తరా?"

"సర్టిఫికెట్లు తెప్పించండి, అడిగి చూద్దాం" అన్నాను.

మనం రోజూ అనే మాటే ఇది. ఎవరైనా ఏదైనా అడిగితే కాదనలేక చూద్దాం అంటాం. ఫోన్‌లో ఫోటో తెప్పిస్తాడనుకున్నాను, తర్వాత నేనే మరిచిపోయాను.

బుధవారం పొద్దున్నే కుటుంబాలు వచ్చాయి. వాళ్ళతో సంస్థ తరపున మొరిటా గారు వచ్చారు, యాభై ఏళ్ళ మనిషి, నిమిషం తేడా రానివ్వరు. మూడు కుటుంబాల్లో నాతో ఎక్కువగా మాట్లాడింది ఒనో గారు, పదిహేనేళ్ళ కూతురితో వచ్చిన తల్లి. ఆ రోజంతా విశ్రాంతి. గురువారం ఎనిమిదిన్నరకు, ఆ యూనివర్సిటీ శాఖలన్నీ ఉండే ఎడ్యుకేషన్ సిటీకి బయల్దేరాం. పెద్ద పెద్ద భవనాలు, చల్లటి హాళ్ళు, మెరిసే నేల, ఒక్క విద్యార్థి లేడు. తలుపు తీసిన సెక్యూరిటీ అతను మాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. ప్రతి భవనం ముందూ మొరిటా గారు సంస్థ పేరున్న ఒక గుడ్డ బ్యానర్ విప్పేవారు. పిల్లలు, తల్లిదండ్రులు, బ్యానర్ అంతా ఒకే ఫోటోలో పడాలి. అలా పడకపోతే ఖర్చు చెల్లదట. పద్నాలుగు చోట్ల ఆ బ్యానర్ విప్పాం. చివరికి పిల్లలు చెప్పకముందే వరసలో నిలబడి విక్టరీ గుర్తులా రెండు వేళ్ళు ఎత్తడం నేర్చుకున్నారు.

శుక్రవారం కుటుంబాలు హోటల్ ఈతకొలనులో ఉండిపోయాయి. కొత్తగా తెరిచిన మెట్రోలో తిరుగుదామనుకున్నాను. టికెట్టు రెండు రియాళ్ళే, కానీ శుక్ర, శనివారాలు నడవదట. సాయంత్రం నాలుగింటికి గంగాధర్ తన స్నేహితుడి కారు తెచ్చి, చూపించాల్సింది ఒకటుందని సెలవు రోజున కూలీలంతా చేరే ఏషియన్ టౌన్‌కు నన్ను తీసుకువెళ్ళాడు. శుక్రవారం సాయంత్రం అక్కడ నేల ఈనినట్టు జనం. సినిమాకు వరసలో ఉన్నవాళ్ళు, క్రికెట్ చూసేవాళ్ళు, ఏమీ కొనకుండా దుకాణాల చల్లదనంలో నిలబడినవాళ్ళు. అందరూ ఉతికిన చొక్కాలు వేసుకుని, తల దువ్వుకుని వచ్చారు. రియాలుకు ఒకటి వచ్చే కరక్ అనే చిక్కటి చాయ్ తాగుతుండగా నర్సయ్య అనే మనిషి సంచితో వచ్చాడు. గంగాధర్ ఊరివాడే, ఆ పొద్దునే సెలవు నుంచి తిరిగి వచ్చాడు. సంచిలోంచి మామిడికాయ తొక్కు, బీపీ మందులు, సకినాలు ఒకటొకటిగా తీసి పక్కన పెట్టి, అడుగు నుంచి ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ తీసి గంగాధర్ చేతిలో పెట్టాడు. ఇక్కడ పోస్టూ కొరియరూ ఎవరికీ అక్కర్లేదు, ఊరి నుంచి వచ్చే మనిషే అన్నీ మోసుకొస్తాడు.

ఫోల్డర్ తెరిచి చూశాను. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, కులం సర్టిఫికెట్. అన్నీ ఒరిజినల్స్.

"ఇవెందుకు తెప్పించారండీ? ఫోటోలు చాలు కదా!"

"జిరాక్సులు ఎవ్వలు సూస్తరు మేడం? నేనొచ్చినప్పుడు ఒరిజినల్ పాస్‌పోర్టు చేతుల వెట్టినంకనే ఏజెంటు నోరిప్పిండు. ఒరిజినల్ ఇయ్యకుంటె మన మీద నమ్మకముండదు."

పన్నెండేళ్ళలో అతను చూసిన ప్రపంచం అలాంటిది. పాస్‌పోర్టు ఇచ్చాకే వీసా, అది కంపెనీ చేతికి ఇచ్చాకే డ్యూటీ. అసలు కాగితం వదులుకుంటేనే ఏదైనా కదులుతుందని అతనికి అనుభవం. అమ్మాయికి ఇంజనీరింగ్ సీటేమైనా వచ్చిందా అని అడిగాను.

"వచ్చింది. గవర్నమెంటు కాలేజే. సోమవారం అయిదు దాక టైముంది, ఒరిజినల్స్ తీస్కపోయి చేరాలె. ఇది అయితె అదెందుకు మేడం?"

ఆ క్షణంలోనే ఇది అయ్యే పని కాదని చెప్పేసి ఉండాలి. రాత్రికి రాత్రే ఎవరి చేతో తిప్పి పంపేవాడు. కానీ అతని పక్కన నర్సయ్య, ఇంకో ఇద్దరు ఊరివాళ్ళు నిలబడి నావైపు ఎంతో మర్యాదగా చూస్తున్నారు. వాళ్ళ ముందు నేనేమీ చేయలేని మనిషినని ఒప్పుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఇంకో చాయ్ తెప్పించారు, తాగి ఫోల్డర్ నా సంచిలో పెట్టుకున్నాను.

శనివారం ఇంకా కడుతున్న ఒక స్టేడియం చూడడం కార్యక్రమంలో ఉంది. పదకొండు ముప్పావుకు చేరాం. కంచె బయట బ్యానర్ విప్పాం. క్రేన్లు ఆగి ఉన్నాయి, లోపల మనుషులు లేరు. ఇంత పెద్దది ఎవరు కడుతున్నారని ఒనో గారి కూతురు అడిగింది, అందరూ భోజనానికి వెళ్ళి ఉంటారని మొరిటా గారు అన్నారు. బస్సులో గంగాధర్ నాకు మాత్రమే వినిపించేలా చెప్పాడు.

"పదకొండున్నర నుంచి మూడు దాక ఎండల పని బందు మేడం. పొద్దుగాల నాలుగింటికే లేసొచ్చిండ్రు. గా నీడకు ఒరిగుంటరు సూడుండ్రి."

నేను దాన్ని జపనీస్‌లో చెప్పాను. అమ్మాయి కిటికీకి ముఖం ఆనించి నీడల కోసం వెతికింది. తల్లి ఆమెకు చల్లటి తువ్వాలు అందించింది. ఆ రోజు కూడా నేను మొరిటా గారిని మౌనిక గురించి ఏమీ అడగలేదు. ఆయన ఫోటోల హడావుడిలో ఉన్నారని నాకు నేను చెప్పుకున్నాను.

ఆదివారం పదింటికి హోటల్ హాల్లో చివరి సమావేశం. యూనివర్సిటీ తరపున ఒకావిడ వచ్చి గంట మాట్లాడింది. తర్వాత అందరికీ ప్రశ్నపత్రాలు పంచారు. ఈ యాత్ర వల్ల విదేశీ చదువు గురించి ఆలోచిస్తారా అన్న ప్రశ్న దగ్గర మూడు కుటుంబాలూ అవునన్న చోటే సున్నా చుట్టాయి. లిఫ్టులో ఒనో గారు నా చెయ్యి పట్టుకుని కృతజ్ఞతలు చెప్పారు. "మా అమ్మాయిని మా జిల్లా దాటి పంపే ఉద్దేశం లేదు. కానీ ఇంత మంచి హోటల్లో మేమెప్పుడూ ఉండలేదు" అన్నారు. అబద్ధం చెప్పని మనిషి. ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు మొరిటా గారి ముందు ఫోల్డర్ పెట్టాను. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకుని, ప్రతి కాగితాన్నీ ఓపిగ్గా చూసి, మళ్ళీ రెండు చేతులతో తిరిగి ఇచ్చారు.

"చాలా మంచి మార్కులు. కానీ ఇది మా జిల్లాలో ఉండే కుటుంబాలకు మాత్రమే. పైగా విదేశాల్లో చదవాలని ఇంకా అనుకోని పిల్లల్ని ప్రోత్సహించడం మా నిధి పని. ఈ అమ్మాయి ఇప్పటికే అనుకుంది కదా" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మండి చేసేదేముంది, ఆయన నియమం చదివి వినిపించారంతే. అది నేను మంగళవారమే చదువుకుని ఉండాలి. నా టికెట్టు ఆ సాయంత్రం నేరుగా వెళ్ళే విమానానికి మార్చమని అడిగాను, తెల్లారేలోపు హైదరాబాద్‌లో ఉంటే అమ్మాయి అయిదింటిలోపు కాలేజీకి చేరుతుంది. గ్రాంటుతో కొన్న టికెట్టు మార్చకూడదని, కావాలంటే సొంత డబ్బుతో వేరేది కొనుక్కోవచ్చని చెప్పారు. నజ్మాలో ట్రావెల్స్ వాడిని అడిగితే తొమ్మిది వందల యాభై రియాళ్ళన్నాడు. ఈ యాత్రకు నాకు వచ్చే డబ్బులో అది సగం కూడా కాదు. కౌంటర్ ముందు పావుగంట నిలబడ్డాను. జిరాక్సులు చూపించి రెండు రోజులు గడువు అడిగితే కాలేజీ వాళ్ళు ఇవ్వకపోతారా అనుకున్నాను. బయటికి వచ్చేశాను. టికెట్టు కొనలేదు.

సోమవారం తెల్లవారుజామున మూడున్నరకు గంగాధర్ నన్ను విమానాశ్రయానికి తీసుకువెళ్ళాడు. ముందు రోజే అన్నీ చెప్పాను అతనికి. సామాను దించి, జేబులోంచి ఖర్జూరాల పొట్లం తీసి ఇచ్చాడు.

"మీరు మస్తు తిరిగిండ్రు మా కోసం. మా బామ్మర్ది, బిడ్డ ఏర్‌పోర్టుకొస్తరు, కాయితాలు వాళ్ళ చేతులియ్యుండ్రి" అన్నాడు.

మస్కట్‌లో ఈసారి మూడు గంటలు కూర్చున్నాను. సాయంత్రం నాలుగుంబావుకు శంషాబాద్‌లో దిగాను. కాలేజీ అక్కడికి నాలుగు గంటల దూరం. బయట స్తంభం పక్కన మౌనిక, ఆమె మేనమామ నిలబడి ఉన్నారు. "దుబాయ్ నుంచి వచ్చిన మేడం మీరేనా?" అని ఆయన అడిగాడు, గల్ఫ్‌లో ఏ ఊరైనా ఆయనకు దుబాయే. మౌనిక ఫోల్డర్ తీసుకుని కాగితాలన్నీ లెక్కపెట్టుకుంది. సన్నటి పిల్ల, ఇస్త్రీ చేసిన చుడీదార్ వేసుకుంది. దిగులుగా ఉంటుందనుకున్నాను. ముఖం నిండా నవ్వు.

"పొద్దుగాల జిరాక్సులు తీస్కపోతె కాలేజోళ్ళు వద్దన్నరు మేడం. బాపుకు ఫోన్ జేస్తె, పోతె పోనీ బిడ్డా, మేడం జపానోళ్ళతోని మాట్లాడింది అన్నడు. నన్నెప్పుడు పిలుస్తరు?"

అతను కూతురికి చెప్పలేకపోయాడు. ఆ మాట కూడా నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది. లేదమ్మా, వాళ్ళు ఇవ్వరు, నిన్ననే తేల్చి చెప్పేశారు అన్నాను. మౌనిక మేనమామ వైపు చూసింది. ఆయన ఫోన్‌లో టైము చూశాడు. నాలుగు నలభై.

"ఇయ్యనోళ్ళకు ఒరిజినల్స్ ఎందుకు మేడం?" అంది.

కోపంగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది. చివరికి తనే సరే అని తల ఊపి, ఫోల్డర్ ఛాతీకి అదుముకుని మేనమామ వెనక వెళ్ళిపోయింది.

అమీర్‌పేట బస్సు అయిదింటికి బయల్దేరింది. దోహా వెళ్ళాలనుకునేవాళ్ళు నవంబరు దాటాక వెళ్ళండి, యూనివర్సిటీలూ తెరిచి ఉంటాయి, ఎండా తగ్గుతుంది. నా మటుకు నేను ఆ ఆరు రోజులూ ఇతరుల మాటలే పలికాను. జపాన్ వాళ్ళ మాట ఇంగ్లీషులో, ఇంగ్లీషు మాట జపనీస్‌లో, ఒక్కటీ తప్పు పోలేదని మొరిటా గారు మెచ్చుకుంటూ ఉత్తరం కూడా రాశారు. ఎవరూ చెప్పమనకుండా నా అంతట నేను అన్న మాట ఒక్కటే, సర్టిఫికెట్లు తెప్పించండి అడిగి చూద్దాం అని. అదొక్కటీ అనకుండా ఊరుకుని ఉంటే ఆ పిల్ల ఈపాటికి కాలేజీలో ఉండేది.