మామ్మగారి మోకాళ్ళూ, కరెంటు నేలా

ఆ రోజుల్లో, కొలిచి చూస్తే తేలని సమస్య లోకంలో ఉండదని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఉద్యోగానికి సెలవు పెట్టి, ముప్పై దాటాక మళ్ళీ విద్యార్థినై, ఎలక్ట్రికల్‌లో పైచదువు కోసం ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వచ్చినవాణ్ణి. ముప్పై దాటిన విద్యార్థికి ఒక ఇబ్బంది ఉంటుంది. కుర్రాళ్ళతో కలిసి అల్లరి చెయ్యలేడు, పెద్దవాళ్ళలా ఊరుకోనూ లేడు. అందుకని సలహాలు చెబుతుంటాడు. చిన్నప్పటినుంచీ డైరీ రాసే అలవాటు ఉన్నవాణ్ణి కనుక, చెప్పిన సలహాలన్నీ శ్రద్ధగా రాసుకునేవాణ్ణి కూడా. రిటైరయ్యాక ఇప్పుడు తీరిగ్గా ఆ డైరీలు తిరగేస్తుంటే ఒక్కో పేజీ దగ్గర చెవులు వేడెక్కుతున్నాయి. (చెవుల సంగతి అలా ఉంచండి. నేను చెప్పబోయేది పాదాలు వేడెక్కడం గురించి.)

ఊరి శివారు మాసన్ లేక్స్‌లో అప్పటికి సగం ఇళ్ళు, సగం మట్టిదిబ్బలు. యూనివర్సిటీకి నడిచి వెళ్ళేంత దూరంలో, కోనసీమ నుంచి వచ్చిన ఒక కుటుంబం అద్దెకుంటున్న ఇంట్లో నాకొక గది దొరికింది. అంకుల్‌ది ఆస్పత్రి ల్యాబులో పని, ఆంటీ నర్సు. వాళ్ళతోపాటు అంకుల్ వాళ్ళ అమ్మగారు. ఆవిణ్ణి నేను మామ్మగారూ అనేవాణ్ణి. నాకు మాత్రం ఆ ఇంట్లో పేరంటూ లేకుండా పోయింది. ఒక్క బల్బు కూడా మార్చకముందే అందరికీ ఇంజినీరునైపోయాను.

అడిలైడ్ చలి చూడటానికి మర్యాదస్థురాలు. మంచు కురిపించదు, మధ్యాహ్నం ఎండ కూడా కాయనిస్తుంది. కానీ ఇక్కడి ఇళ్ళు ఎండాకాలాన్ని తలుచుకుని కట్టినవి. కింద పరిచిన టైల్స్, చలి మొదలయ్యే జూన్ వచ్చేసరికి ఫ్రిజ్జు లోపలి అరల్లా తయారవుతాయి. ఇంట్లో కూడా బూట్లతో తిరిగేవాళ్ళకి ఆ బాధ తెలియదు. మనం గుమ్మం దగ్గరే చెప్పులు విడిచేసి, నేలకి కాళ్ళు అప్పగించేస్తాం. సాక్సులు వేసుకోమంటే మామ్మగారు, "కాళ్ళకి గోతాలు కట్టుకుని తిరగమంటావా?" అనేవారు.

ఆవిడకి మరో అలవాటుంది. ఇంట్లోవాళ్ళు పనులకి బయల్దేరే వేళకి మోకరించి ప్రార్థన చేసుకోవడం. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టి, పురుళ్ళకి తప్ప మానలేదట. ఈ దేశం వచ్చిన మొదటి శీతాకాలమే చల్లటి నేల ఆవిడ మోకాళ్ళని పట్టేసింది. డాక్టరు ఆ చల్లటి నేలమీద మోకరించకూడదన్నాడు. వంటింటి మూల ఒక కుర్చీ వేశారు. ఆవిడ అందులో కూర్చుని, కాసేపు కళ్ళు మూసుకుని, తెరిచి, దిగులుగా నావైపు చూసేవారు.

"కుర్చీలో కూచుని ప్రార్థనేంటయ్యా? బస్సు కోసం ఎదురుచూస్తన్నట్టుంటది."

తివాచీ ఉన్న పడగ్గదిలో చేసుకోవచ్చు కదా అంటే, "మెత్తగా ఉంటే నిద్దరొస్తాది" అన్నారు. అప్పుడే అంకుల్ వాళ్ళ సొంతిల్లు రెండు వీధుల అవతల లేస్తోంది. ఒక ఆదివారం అన్నాల దగ్గర అంకుల్ గంభీరంగా ప్రకటించారు.

"అమ్మా, కొత్తింట్లో నిన్ను మోకాళ్ళ మీద నిలబెట్టే బాధ్యత నాది."

"అదేంటండీ, స్కూల్లో పనిష్మెంట్ ఇచ్చినట్టు!" అన్నారు ఆంటీ.

"అది కాదే. నేల కింద కరెంటుతో హీటింగ్ పెడతారంట. మన ఇంజినీరు ఉన్నాడుగా, చూసుకుంటాడు. ఏవయ్యా?"

చూసుకుంటానన్నాను. ఏం చూసుకోవాలో తరవాత పుస్తకాలు చూసి తెలుసుకున్నాను. ముందుగా, పద్ధతి ప్రకారం, వాడేవాళ్ళ అవసరం కనుక్కోవాలి కదా. మామ్మగారి ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, నేల ఎలా ఉండాలో చెప్పమన్నాను. ఆవిడ ఆలోచించి చెప్పారు. "గట్టిగా తగలాల. చల్లగా తగలకూడదు. అంతే." ఇంత స్పష్టమైన కోరిక తరవాత నా ఉద్యోగం మొత్తంలో ఏ పెద్ద ఆఫీసరూ చెప్పలేదు.

శనివారం అందరం కలిసి టైల్స్ దుకాణానికి వెళ్ళాం. వేడినీళ్ళ గొట్టాలు పరిచే పద్ధతీ ఉంది గాని, ఒక్క గదికి అది దండగ, కరెంటుదే మేలని నేను అప్పటికే తేల్చేశాను. చాపలా చుట్టి ఉండే వల, దానికి అల్లిన సన్నటి తీగ. దాన్ని పరిచి, పైన జిగురు పోసి టైల్స్ అతికిస్తారు. తీగని మధ్యలో కత్తిరించకూడదు. అతికించాక మనసు మార్చుకోకూడదు. దుకాణంలో నమూనాకి నాలుగు పలకలు వేడి చేసి ఉంచారు. అంకుల్ చెయ్యి పెట్టబోయి ఆగారు.

"కాళ్ళు కడుక్కుని తడి కాళ్ళతో వస్తాం కదా మనం. షాక్ కొట్టదా?"

కొట్టదని రుజువు చెయ్యడానికి నేను బూట్లు విప్పి ఎక్కి నిలబడ్డాను. తరవాత అంకుల్ విప్పారు. ఆంటీ విప్పారు. దుకాణం మధ్యలో మా బూట్లన్నీ వరసగా, మేము గుడి ముందు క్యూలా. మామ్మగారి వంతు వచ్చింది. ఆవిడ ఎక్కి, కళ్ళు మూసుకుని, ఎంతకీ దిగలేదు. వెనక ఎవరో దంపతులు ఎదురుచూస్తున్నారు. దుకాణంవాడు నవ్వి, "టేక్ యువర్ టైమ్, లవ్" అన్నాడు.

"ఏటంటన్నాడు?"

"తొందరేం లేదంటున్నాడు మామ్మగారూ."

"మంచోడు," అని ఇంకాసేపు నిలబడ్డారు. ఆ ముఖం చూశాక ఇంక బేరాల్లేవు. ఒక గదికి సరిపడే పెద్ద చుట్ట, దానితో ఒక చిన్న చుట్ట కొన్నాం. ఆ రెండూ ఎక్కడ పరవాలన్నదే మిగిలింది. గొడవంతా అక్కడే వచ్చింది.

అందరూ మామ్మగారి కోసమే మాట్లాడారు. అంకుల్ లెక్కలో మామ్మగారి కోసం పెద్దది హాల్లో వెయ్యాలి. (నెలకోసారి సంఘం వాళ్ళని పిలిచి ప్రార్థన కూడిక పెట్టాలని, వచ్చినవాళ్ళంతా వెచ్చటి నేలమీద కూర్చుని ఆశ్చర్యపోవాలని ఆయన ఆశ.) ఆంటీ లెక్కలో మామ్మగారి కోసం వంటింట్లో వెయ్యాలి. (నైట్ డ్యూటీ చేసి వచ్చి సింకు ముందు నిలబడేది ఆవిడ.) నేను ఎవరి పక్షమూ వహించకుండా, శాస్త్రీయంగా తేలుద్దామన్నాను. మనుషులు నిజంగా ఎక్కడ అడుగులు వేస్తారో తెలుసుకోవాలి. అందుకని ఒకరోజు తెల్లారకముందే లేచి, అద్దె ఇంటి నేలంతా బియ్యప్పిండి పల్చగా చల్లాను.

డ్యూటీనుంచి వచ్చిన ఆంటీ తలుపు తీసి కెవ్వుమన్నారు.

"మా ఇంట్లో ముగ్గులేంటయ్యా! పాస్టర్ గారొస్తే ఏమనుకుంటారు?"

"ముగ్గు కాదాంటీ, డేటా."

"డేటానో గీటానో, నాలుగు చుక్కలు పెడితే సంక్రాంతే. ముందు తుడిచెయ్యి!"

"పోన్లేమ్మా," అన్నారు మామ్మగారు లోపల్నించి, "చీమలకి పెట్టాడనుకో."

చీమలూ అలాగే అనుకున్నాయి. వారం రోజులు వదల్లేదు. కానీ తుడిచే లోపల నేను చూడవలసింది చూశాను. హాల్లో మామ్మగారి అడుగులు దాదాపు లేవు. హాలు చల్లగా ఉండబట్టే వెళ్ళడం లేదు, వెచ్చగా ఉంటే వెళ్తారు అని తేల్చి, పెద్ద చుట్ట హాలుకిచ్చాను. (వెళ్ళని చోట పని లేదేమో అన్న ఆలోచన నాకు రాలేదు. ఆ రోజుల్లో నాకు తర్కం ఎక్కువగా ఉండేది.) గుమ్మం లోపలి చిన్న నడవలో మాత్రం పిండి చెల్లాచెదురై ఉంది. బూట్లు విప్పుతూ, తొడుగుతూ అందరూ ఒంటికాలిమీద గెంతేది అక్కడే. వట్టి పాదం మొదట నేలని తాకే చోటు అదే కదా అని, చిన్న చుట్ట నడవకి రాశాను. సింకు ముందు వేస్తారని ఆశపడ్డ ఆంటీ అప్పట్నుంచి నా చారులో ఉప్పు తగ్గించేశారు.

టైల్స్ అతికించారు. హాలుకొక స్విచ్చి, నడవకొక స్విచ్చి. గోడకి పెట్టిన చిన్న డబ్బా, నేల ఎంత వేడెక్కిందో చూసుకుని తనే ఆపేస్తుంది. ఇల్లు మారిన వారానికే ఒక ఆదివారం, చలి బాగా ఉన్న రోజు, కృతజ్ఞత కూడిక పెట్టారు. అంకుల్ పొద్దున్నే రెండు స్విచ్చులూ వేశారు. సంఘం వాళ్ళు వచ్చే వేళకి ఆంటీ హాలు గుమ్మంలో నిలబడి నడుంమీద చెయ్యి పెట్టుకున్నారు.

"ఇంతమందినీ కటిక నేలమీద కూచోబెడతామా? మర్యాదేనా?"

నిజమే అనిపించింది. మనింటికి మనిషి వస్తే కింద ఏదో ఒకటి పరవకుండా ఉండలేం. జంపఖానాలు పరిచాం. అవి పల్చగా ఉన్నాయని వాటిమీద డూనాలు, అంటే ఇక్కడి దూది బొంతలు, చూడ్డానికి బాగుండదని వాటిమీద దుప్పట్లు. ఆ దుప్పట్ల అంచులు గోడకి సమానంగా వచ్చేలా సర్దింది ఎవరనుకున్నారు? ఎలక్ట్రికల్‌లో పైచదువు చదువుతున్న నేనే.

పాటలయ్యాయి. అంకుల్ లేచి, గొంతు సవరించుకుని, ఈ నేల అడుగున వేడి ఉందని, మా అమ్మ మళ్ళీ మోకరించాలని ఇదంతా చేశామని, ఇది మా ఇంజినీరు పనితనమని చెప్పారు. అందరూ అరచేతులు దుప్పటికి ఆనించారు. అటూ ఇటూ జరిపి చూశారు.

"ఆన్‌లోనే ఉందాండీ?" అని ఒకాయన మెల్లగా అడిగారు.

పాస్టర్ గారు చెయ్యి ఇంకాస్త అదిమి, "ఆయ్, కొద్దిగా తెలుస్తందండి" అన్నారు. (ఆయన అబద్ధమాడగా నేను విన్నది అదొక్కసారే.) వేడంతా బొంతల కిందే ఉండిపోయిందని, గోడమీది డబ్బా ఇక చాలనుకుని ఎప్పుడో ఆపేసిందని నాకు అప్పుడు తట్టింది. ఈసారి చెవులతోపాటు మెడ కూడా వేడెక్కింది. ఆ హాల్లో వెచ్చగా ఉన్నది నేనొక్కణ్ణే.

అంతకంటే గుండె జారిపోయిన సంగతి, ముందు వరసలో మామ్మగారి కోసం వేసిన చోటు ఖాళీగా ఉండటం. మెత్తటి దుప్పటి చూసి ఆవిడ అక్కడ మోకరించనే లేదు. ఇంత చేసీ ఆవిణ్ణి మళ్ళీ కుర్చీకే పంపానా అనుకుంటూ, వంటింటి వైపు చూశాను. మాతోపాటు కొత్తింటికి వచ్చిన ఆ కుర్చీ కూడా ఖాళీయే. పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెట్టారు. నేను ఆ సంఘం వాణ్ణి కాదు కనుక అందరికంటే వెనక, నడవ పక్కన కూర్చున్నాను. అటునుంచి వేడెక్కిన తోలు వాసన, సాక్సుల వాసన కలిసి వస్తున్నాయి. వచ్చినవాళ్ళందరి చెప్పులూ నా చిన్న చుట్ట మీదే ఉన్నాయన్నమాట. ఈ ఊళ్ళో ఇవాళ చలి తీరింది చెప్పులకే అనుకుంటూ తల తిప్పాను.

చెప్పుల్ని అటు కొన్ని, ఇటు కొన్ని జరిపి, మధ్యలో మామ్మగారు మోకరించి ఉన్నారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి. ఒక జోడు వైపు చూస్తారు, ఏదో అంటారు, పక్క జోడు వైపు చూస్తారు. హాల్లో ఆమెన్ అన్నాక కూడా ఆవిడ చూడవలసిన జోళ్ళు ఇంకా మిగిలాయి. అవయ్యేదాకా ఆగి, లేవడానికి చెయ్యి అందించాను.

"ఇక్కడేంటి మామ్మగారూ, చెప్పుల మధ్యలో?"

"ఇక్కడ గట్టిగా ఉంది బాబూ. వెచ్చగా ఉంది. చెప్పినట్టే చేశావ్."

"హాలు కదండీ ప్రార్థనకి..."

"హాల్లో నాకేం పని? బయటికెళ్ళేవోళ్ళ కోసం కదా నేను చేసేది. వెళ్ళేది ఇటేగా? ఊళ్ళోనూ గుమ్మం లోపలే మోకరించేదాన్ని. ఈమధ్యన కళ్ళు మూసుకుంటే ఒకళ్ళిద్దరు మర్చిపోతన్నాను. చెప్పులు చూస్తే అందరూ గుర్తొస్తన్నారు."

"ఈ మాట ముందే చెప్పొచ్చు కదండీ!"

"ఎలా ఉండాలన్నావ్, చెప్పాను. ఎక్కడని ఎవరడిగారు?"

ఆవిడ నా చెయ్యి పట్టుకుని లేస్తూ, గొంతు తగ్గించారు.

"నీ ఎడమ బూటు అడుగు నోరు తెరిచింది. అది కూడా చెప్పాను ప్రభువుకి. అయినా నువ్వెళ్ళి కొనుక్కో. అన్నీ ఆయనమీదే వదిలెయ్యకు."

ఆ తరవాత ఆ ఇంట్లో హాలు స్విచ్చిని పెద్దగా వేసింది లేదు. నడవ స్విచ్చి మాత్రం చలికాలమంతా వెలుగుతూనే ఉండేది. మేము బయల్దేరే వేళకి మామ్మగారు అక్కడ ఉండేవారు. ఆవిణ్ణి తప్పుకుని గోడవారగా బూట్లు తొడుక్కోవడం మా అందరికీ అలవాటైంది. అక్కడే మూల ఆంటీ ఇడ్లీ పిండి గిన్నె పెట్టడం మొదలుపెట్టారు. చలికి పులవని పిండి అక్కడ పొంగేది. చెప్పుల పక్కన పిండేంటని అంకుల్ అంటే, "దేవుడికి లేని పట్టింపు నీకెందుకురా" అన్నారు మామ్మగారు. నడవలో వేడి పెట్టడం మా ఇంజినీరు దూరదృష్టి అని అంకుల్ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. నేను కాదనేవాణ్ణి కాదు. చారులో ఉప్పు మళ్ళీ సరిపోయింది. మామ్మగారు మోకరించగలిగినన్నాళ్ళు అక్కడే మోకరించారు.

ఆనాటి డైరీ పేజీ ఇప్పుడు నా ముందుంది. "హాలు: పరిశీలించవలసి ఉంది. నడవ: అంచనాకు మించి సఫలం" అని రాసి, కింద గీత గీసి, పొడి అక్షరాల సంతకం కూడా పెట్టాను. ఎవరికి చూపించాలనో! ఆ పెద్దమనిషిని చూస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దొస్తాడు కూడా. బూటు అడుగు సంగతి మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

చదువయ్యాక ఇక్కడే ఉండిపోయి, తరవాతెప్పుడో మేము అడిలైడ్‌లోనే ఇల్లు కట్టుకున్నప్పుడు, నేల హీటింగ్ ఎక్కడ వేయిద్దామని మా ఆవిడ అడిగీ అడగకముందే గుమ్మం దగ్గరన్నాను. ఇప్పుడు నాకు పొద్దున్నే వెళ్ళవలసిన పనేమీ లేదు. అయినా నడకకని బయల్దేరతాను. ఈ బూట్లకీ అడుగు ఊడుతోంది. ఆ సంగతి పైకి చేరవేసేవాళ్ళు లేరు గనక నేనే వంగి చూసుకుంటాను. వంగినప్పుడు మోకాలు కలుక్కుమంటుంది. గోడ పట్టుకుని, ఆ మోకాలు నేలకి ఆనించి, కాసేపలా ఉండిపోతాను. గట్టిగా తగులుతుంది. చల్లగా తగలదు.